వేసవికి ల్యాబా, కొండలా?



సంక్రాంతి వెళ్ళింది. బయట మంచు పడుతూనే ఉంది. ఈ చలిలో వేసవి సెలవుల మీద ప్రసంగమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఇక్కడ అమెరికాలో మెడిసిన్ చదవాలనుకునే పిల్లలున్న ఇళ్ళల్లో వేసవి పంచాయితీ సరిగ్గా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. వేసవి రిసెర్చ్ ప్రోగ్రాములు చాలావాటికి గడువు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కదా.

ఆ పంచాయితీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అమ్మాయి కాలేజీలో రెండో ఏడు. కాలిఫోర్నియాలో జాన్ మ్యూర్ ట్రెయిల్ నడుస్తానంటుంది. యోసెమిటీ లోయ నుంచి విట్నీ శిఖరం దాకా, 200 మైళ్ళ పైమాటే. వీపున సామాను వేసుకుని మూడు వారాల నడక. వచ్చాక మిగతా వేసవంతా ఒక క్యాంపులో చిన్నపిల్లల్ని కొండలెక్కించే ఉద్యోగం. నాన్న కాఫీ కప్పు కింద పెడతారు. "కొండలెక్కితే సీటిస్తారటమ్మా? మన పక్కవీధి వాళ్ళబ్బాయిని చూడు, క్యాన్సర్ ల్యాబులో చేరుతున్నాట్ట" అంటారు. అమ్మ బాధ వేరు. "అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయిటే" అంటుంది. అది మాత్రం నిజమే, తిరుగుతాయి.

ల్యాబు మంచిదా, కొండలు మంచివా? ఏదో ఒకటి తేల్చి చెప్పమంటే నేను చెప్పను. ఎందుకంటే దరఖాస్తుకి వచ్చే బరువు ల్యాబులోనూ లేదు, కొండలోనూ లేదు. ఆ పిల్ల దరఖాస్తులో ఇప్పటికే ఏముంది, ఇంకా ఏం లేదు, అసలు సంగతి అక్కడుంది. ఈ ఒక్క మాట పట్టుకోండి. ఈ పూట నేను చెప్పేదంతా దాని చుట్టూనే.

ముందు మన అలవాటు సంగతి చూద్దాం. మనం పెరిగిన చోట మెడికల్ సీటంటే ఒక పరీక్ష, ఒక ర్యాంకు. అప్పుడు ఎంసెట్, ఇప్పుడు నీట్. 720కి ఎన్నొచ్చాయి? ర్యాంకెంత? కౌన్సెలింగులో ఏ కాలేజీ? అంతే. పోయిన వేసవిలో ఏం చేశావని ఉస్మానియాలోగానీ, గుంటూరులోగానీ, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలోగానీ ఎవరూ అడగరు. అందుకని ఇక్కడి పద్ధతి కూడా మనకి ఒక రకం ర్యాంకులాగే కనిపిస్తుంది. ల్యాబుకి ఇన్ని మార్కులు, పేపరు పడితే ఇంకొన్ని, కొండలకి సున్నా. మనసులో అలా లెక్క వేసేసుకుంటాం.

ఇక్కడ మార్కులు అక్కర్లేదని కాదు. కాలేజీ జీపీఏ ఉంది. 528కి ఎమ్‌క్యాట్ ప్రవేశ పరీక్ష ఉంది. అవి బాగా లేకపోతే ల్యాబూ కాపాడదు, కొండా కాపాడదు. ఆ మాట ముందే అనేసుకుందాం. అయితే అవి బాగున్నవాళ్ళే వేలల్లో ఉన్నారు. ఏడాదికి 50 వేల మందికి పైగా దరఖాస్తు పెడతారు. ఎండీ డిగ్రీ ఇచ్చే స్కూళ్ళలో చివరికి చేరేది సుమారు 23 వేల మంది. మార్కులు ఒకేలా ఉన్న ఇద్దరిలో ఎవర్ని పిలవాలి? అప్పుడు మిగతా కాగితాలు తిరగేస్తారు.

ఆ కాగితాల సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఎండీ స్కూళ్ళలో చాలావాటికి ఆమ్‌కాస్ అని ఒక ఉమ్మడి దరఖాస్తు ఉంది. టెక్సస్‌లో ప్రభుత్వ స్కూళ్ళకి వేరే దరఖాస్తు ఉంది, కొలతలు కాస్త వేరు, ధోరణి మాత్రం ఇదే. ఆమ్‌కాస్‌లో నువ్వు చేసిన పనులు 15 దాకా రాసుకోవచ్చు. ఒక్కో పనికి ఇచ్చే చోటు 700 అక్షరాలు. మధ్యలో ఖాళీలు కూడా ఆ లెక్కలోనే. అంటే ఒక్క పేరా. వాటిలో మూడింటిని ఇవి నాకు అన్నిటికన్నా ముఖ్యం అని గుర్తు పెట్టొచ్చు. ఆ మూడింటికీ ఇంకో 1325 అక్షరాలు ఇస్తారు. ప్రతి పనికీ ఎన్ని గంటలు చేశావో రాయాలి. నీ పని ఎరిగిన మనిషి పేరు కూడా ఇవ్వాలి.

దీన్ని ఒక విస్తరాకు అనుకోండి. పప్పు ఉండాలి, కూర ఉండాలి, పులుసో చారో ఉండాలి, పెరుగు ఉండాలి. పప్పే వడ్డించకుండా లడ్డూ మీద లడ్డూ వేస్తే అది భోజనం కాదు. లడ్డూ చెడ్డదని కాదు. మొదటి లడ్డూ బ్రహ్మాండం. నాలుగో లడ్డూ దగ్గరికొచ్చేసరికి తినేవాడు పప్పేదీ అని చూస్తాడు. అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్ళూ విస్తరి మొత్తం చూస్తారు. రోగుల మధ్య గడిపాడా? తనకి లాభం లేని చోట ఎవరికైనా సాయం చేశాడా? సైన్సులో ప్రశ్న ఎలా పుడుతుందో చూశాడా? తనలాంటివాళ్ళు కానివాళ్ళతో కలిసి పనిచేశాడా? కష్టం వస్తే నిలబడ్డాడా? అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఇలాంటి లక్షణాలు 17 రాసిపెట్టింది. శాస్త్ర పరిశోధన అందులో ఒకటి. ఒకటే.

ఇప్పుడు ఒక అబ్బాయిని ఊహించుకోండి. మొదటి ఏడు నుంచీ ఒకే ల్యాబులో ఉన్నాడు. వెయ్యి గంటలు దాటాయి. ఒక పోస్టర్ మీద పేరు కూడా ఉంది. చాలా బాగుంది. కానీ జబ్బుపడ్డ మనిషి పక్కన అరగంట కూర్చున్నది లేదు. ఈ అబ్బాయి ఈ వేసవి కూడా ల్యాబుకే వెళ్తే విస్తట్లో ఇంకో లడ్డూ పడుతుంది. అతన్ని కొండల క్యాంపుకి పంపినా లాభమే. చివరి రోజుల రోగులుండే హాస్పిస్‌లో వాలంటీరుగా పంపితే ఇంకా లాభం.

ఇంకో అమ్మాయి. అంబులెన్సు మీద ఈఎమ్‌టీగా పనిచేస్తోంది. శనివారాలు ఉచిత క్లినిక్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఫారాలు నింపిపెడుతుంది. కానీ క్లాసులో చేయించే ప్రయోగాలు తప్ప సైన్సు చేసింది లేదు. వెళ్ళాలనుకునేదేమో యేల్‌కి. యేల్ మెడికల్ స్కూల్లో ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. 1839 నుంచీ ఉన్న నియమం అది. అక్కడికి వెళ్ళాలనుకునే పిల్ల ఒక్కసారైనా ల్యాబు లోపల ఎలా ఉంటుందో చూడాలి కదా. ఈ అమ్మాయికి ఈ వేసవి ల్యాబే. కొండలు ఎక్కడికీ పోవు.

మూడో పిల్లాడున్నాడు చూశారూ, అతని దగ్గరికొచ్చేసరికి ఇంట్లో వాదనే తప్పు దారిలో నడుస్తుంటుంది. ల్యాబా, కొండలా అని నెల రోజులుగా కొట్టుకుంటున్నారు. తీరా చూస్తే ఆ అబ్బాయి ఆసుపత్రి గడప తొక్కలేదు. అతనికి ఈ వేసవి రెండూ కావు. ఈఎమ్‌టీ శిక్షణో, నర్సింగ్ హోమ్‌లో వృద్ధులకి అన్నం తినిపించే పనో, డాక్టరు పక్కన నోట్సు రాసే స్క్రైబ్ ఉద్యోగమో వెతుక్కోవాలి. డాక్టరు పని నాకు సరిపడుతుందా అని ముందు తనే తెలుసుకోవాలి. సీటు సంగతి ఆ తర్వాత.

మెడిసిన్ చదివే పిల్లలు కాస్త వేరే దారిన పోయి రావడం కొత్త సంగతేమీ కాదు. 1880లో ఎడిన్‌బరోలో మెడిసిన్ చదువుతున్న ఒక కుర్రాడు చదువు మధ్యలో ఆపి, తిమింగలాల వేట ఓడెక్కి ఆర్కిటిక్ సముద్రానికి వెళ్ళాడు, ఓడకి డాక్టరుగా. పేరు ఆర్థర్ కోనన్ డాయల్. షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించినాయన. వాళ్ళమ్మ ఏమందో మరి.

మన కాలానికి, మన చుట్టుపక్కలకి వద్దాం. పాల్ కలానిధి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. భారతీయ కుటుంబంలో పుట్టిన న్యూరోసర్జన్. 37 ఏళ్ళకే, 2015లో, ఊపిరితిత్తుల క్యాన్సరుతో పోయారు. ఆయన పుస్తకం 'వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్' ఆ మరుసటేడు వచ్చింది. మనం మాట్లాడుకుంటున్న తగువు అచ్చంగా అందులో ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో రెండో ఏడు పూర్తయ్యాక ఆయన ముందు రెండు పనులున్నాయి. ఒకటి అట్లాంటాలో యెర్కీస్ ప్రైమేట్ పరిశోధన కేంద్రం. పేరున్న సైన్సు. రెండోది సియెర్రా కొండల్లో ఒక సరస్సు ఒడ్డున, కుటుంబాలు సెలవులకొచ్చే క్యాంపులో వంటింటి పని. ఆయన వంటింటికి వెళ్ళారు. బయాలజీ సలహాదారుడికి అది నచ్చలేదు.

ఈ కథ చెప్పి, చూశారా, కొండలే గొప్పవి అనడం నాకిష్టం లేదు. ఆ వేసవి వల్లే ఆయనకి తర్వాత యేల్ మెడికల్ స్కూల్లో సీటొచ్చిందని ఎవరూ అనలేరు. మధ్యలో కేంబ్రిడ్జిలో సైన్సు చరిత్ర, తత్త్వం చదువుకున్నారు. సర్జన్ అయ్యే క్రమంలో ల్యాబు పని గట్టిగానే చేశారు. నేను చెప్పేది ఇంతే. ఆ వేసవి వల్ల ఆయనకి సీటు పోలేదు. మన ఇళ్ళల్లో ఉన్న భయం అదే కదా, ఒక్క వేసవి ల్యాబు బయట గడిపితే తలుపు మూసుకుపోతుందని. మూసుకుపోదు.

సరే, విస్తట్లో ఖాళీ ఏమిటో చూసుకున్నాం. ఇప్పుడు రెండు అవకాశాలూ ఎదురుగా ఉన్నాయి. ఏది తీసుకోవాలో తేలడం లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక పని చేయండి. పిల్లల్ని కాగితం తీసుకోమనండి. సెప్టెంబరు వచ్చేసింది, వేసవి అయిపోయింది అనుకోమనండి. ఆ 700 అక్షరాల పేరా ఇప్పుడే రాసి చూడమనండి. ల్యాబుకి ఒకటి, కొండలకి ఒకటి.

రాసింది పైకి చదవండి. ఆ పేరాలో నీ చేతులు ఎక్కడున్నాయి? నువ్వు చేసిన పని ఏది? పేరున్న ల్యాబులో చేరాను, ఆధునిక పరిశోధన దగ్గరగా చూశాను, ఎంతో నేర్చుకున్నాను. ఇలా రాస్తే అందులో గొప్పతనమంతా ల్యాబుది. పిల్లాడు ఎక్కడా లేడు. కొండల పేరా కూడా అంతే. అద్భుతమైన సూర్యోదయాలు చూశాను, నన్ను నేను తెలుసుకున్నాను. మంచిదే నాయనా, ఆ సూర్యుడికి సీటిద్దామా?

ఇప్పుడు ఇంకోలా రాయొచ్చేమో చూడమనండి. ఎలుక మెదడు పొరల్లో కణాలు లెక్కపెట్టాను. నా లెక్కా, నా పక్కనున్న గ్రాడ్ విద్యార్థి లెక్కా కలవలేదు. ఇద్దరం కూర్చుని, ఎవరి కన్ను ఎక్కడ తప్పుతోందో పట్టుకున్నాం. లెక్కపెట్టే పద్ధతి మార్చి మళ్ళీ మొదటినుంచి చేశాం. ఇందులో పేపరు లేదు, పోస్టర్ లేదు. కానీ ఒక మనిషి ఉన్నాడు.

కొండల పేరా ఇలా ఉండొచ్చు. పన్నెండేళ్ళ పిల్లాడికి ఎత్తుకి వెళ్ళేకొద్దీ తలనొప్పి, ఆ వెనకే వాంతులు. శిఖరం కనిపిస్తూనే ఉంది. మిగతా పిల్లలందరూ పైకే అంటున్నారు. నేను గుంపుని కిందికి దించేశాను. రెండు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. ఈ పేరా చదివిన డాక్టరుకి వేరే వివరం అక్కర్లేదు. ఎత్తు పడనివాడిని కిందికి దించడమే మొదటి వైద్యం. నలుగురూ వద్దన్నా రోగి పక్షాన నిలబడటం రేపు రోజూ ఉండే పని. ఇలాంటి క్యాంపు ఉద్యోగాలకి వెళ్ళే పిల్లలు ముందుగా వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అనే శిక్షణ తీసుకుంటే మంచిది. 70, 80 గంటల కోర్సు. ఆసుపత్రి దరిదాపుల్లో లేనిచోట దెబ్బ తగిలితే ఏం చేయాలో నేర్పుతారు.

ముందే రాసిన పేరాలాగే వేసవి జరుగుతుందని కాదు. జరగదు. కానీ ఎక్కడ నీ చేతికి పని దొరుకుతుంది, ఎక్కడ నువ్వు చూసి రావడమే అవుతుంది అన్నది ఆ పేరా చెప్పేస్తుంది. మళ్ళీ చెప్తున్నాను. ల్యాబు పేరు చూడకండి, కొండ ఎత్తు చూడకండి. నీ చేతికి ఏ పని ఇస్తారో అడగండి.

ఇక్కడ ఒక రకం సాహసం గురించి గట్టిగా చెప్పాలి. డబ్బు పెట్టి కొనుక్కునే సాహసం. వేల డాలర్లు కట్టి పది రోజులు ఇంకో దేశం వెళ్ళి, మెడలో స్టెతస్కోపు వేసుకుని, పల్లెపిల్లల మధ్య ఫోటో దిగి రావడం. మన వాళ్ళలో దీనికే ఇంకో రూపం ఉంది. మామయ్యగారి నర్సింగ్ హోమ్. విజయవాడో, వరంగలో. సెలవులకి వెళ్ళిన పిల్లాడిని మామయ్య ముద్దుగా ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్తాడు. "రా అల్లుడూ, ఈ కుట్టు నువ్వు వెయ్యి" అంటాడు. పిల్లాడు పొంగిపోతాడు. వచ్చి దరఖాస్తులో రాస్తాడు.

రాయకూడదు. అసలు చేయకూడదు. బల్ల మీద పడుకున్న మనిషి ఎవరు? శిక్షణ లేని కాలేజీ కుర్రాడు తన ఒంటిమీద సూది పట్టుకున్నాడని అతనికి తెలుసా? అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2011లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సారం ఇదీ: శిక్షణ లేదని ఇక్కడ నిన్ను చేయనివ్వని పని, ఇంకో దేశంలో చేయనిచ్చినా చేయకు. ఇలాంటి పేరా కమిటీ కంటపడితే మెచ్చుకోరు. ఈ పిల్లాడికి హద్దు తెలియదు అనుకుంటారు. మామయ్య దగ్గరికి వెళ్ళండి, ఓపీలో ఒక మూల కూర్చోండి, వినండి. రోగి తన బాధ ఏ మాటల్లో చెప్పుకుంటాడో తెలుగు వచ్చిన పిల్లలకి అర్థమవుతుంది. అది చాలా పెద్ద సంగతి.

ఆ తెలుగు రావడం వల్లే ల్యాబూ సాహసమూ ఒకే చోట కలిసే వీలు కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం సంగతి మీకు తెలుసు. కవిటి, సోంపేట, పలాస, మందస చుట్టూ కొబ్బరి, జీడిమామిడి తోటలు. ఆ తోటల మధ్య ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఇలాంటి జబ్బు మీద పనిచేసే పరిశోధకులకి మైక్రోస్కోపు ఒక్కటే చాలదు. ఇంటింటికీ వెళ్ళి, ఏ బావి నీళ్ళు తాగారు, పొలంలో ఎంతసేపుంటారు, నొప్పికి ఏ బిళ్ళ వేసుకుంటారు అని తెలుగులో అడిగి రాసుకునేవాళ్ళు కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న అధ్యయనంలో, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో అలాంటి పని దొరికితే, ఆ వేసవి ముందు ఎలుకల ల్యాబు చిన్నబోతుందని నా అభిప్రాయం. అంతేగానీ సొంతంగా కెమెరా పట్టుకుని రెండు వారాలు ఊళ్ళు తిరిగి రావడం దీని కిందికి రాదు.

రిసెర్చ్‌నే జీవితం చేసుకోవాలనుకునే పిల్లల సంగతి వేరు. ఎండీ, పీహెచ్‌డీ కలిపి చేయాలంటే ల్యాబు తప్పదు, అదీ ఏళ్ళ తరబడి. వాళ్ళ విస్తట్లో పప్పూ అన్నమూ ల్యాబే. మిగతావాళ్ళు తాము కోరుకునే స్కూళ్ళ గురించి మెసార్ అనే డేటాబేసులో చూసుకోవచ్చు. ఆ స్కూల్లో చేరినవాళ్ళలో ఎంత శాతానికి రిసెర్చ్ అనుభవం ఉందో అందులో కనిపిస్తుంది. కొన్నిచోట్ల దాదాపు అందరికీ ఉంటుంది. అలాంటి స్కూళ్ళే మీ జాబితా నిండా ఉంటే, కొండల మాట ఇంకో వేసవికి వాయిదా వేసుకోవడం తెలివైన పనే.

ఇంకో వేసవి అంటున్నాను గానీ, ఎన్ని వేసవులున్నాయో లెక్క చూశారా? ఆమ్‌కాస్ దరఖాస్తు మే నెలలో తెరుచుకుంటుంది. కాలేజీ అవగానే మెడిసిన్‌లో చేరాలంటే మూడో ఏడు చివర్లో దరఖాస్తు పెట్టాలి. కాబట్టి పూర్తిగా చేసి చూపించుకోగలిగిన వేసవులు రెండే. మొదటి ఏడు తర్వాతది ఒకటి, రెండో ఏడు తర్వాతది ఒకటి. మూడో వేసవంతా స్కూళ్ళు పంపే వ్యాసాల ప్రశ్నలకి జవాబులు రాయడంతోనే సరిపోతుంది. ఈ హడావుడి లేకుండా ఈమధ్య సగానికి పైగా విద్యార్థులు కనీసం ఒక ఏడాది ఆగి చేరుతున్నారు. ఏడాది ఆగడం మన ఇళ్ళల్లో ఇంకా నామోషీగానే ఉంది. అలా అనుకోనక్కర్లేదు.

ఇంకో చిన్న కిటుకు. తన యూనివర్సిటీలోనే ల్యాబుంటే అక్కడ సెమిస్టరు పొడుగునా వారానికి ఎనిమిది, పది గంటలు చేసుకోవచ్చు. ఏడాది పాటు ఒకే ల్యాబులో ఉన్నవాడికి, పది వారాలకి వచ్చిపోయినవాడికన్నా పని ఎక్కువ తెలుస్తుంది. ప్రొఫెసర్ రాసే సిఫారసు ఉత్తరంలో కూడా ఆ తేడా కనిపిస్తుంది. కానీ అలస్కాలో సాల్మన్ చేపల పడవ అక్టోబరులో దొరకదు. పిల్లల క్యాంపు నవంబరులో ఉండదు. వేసవిలో తప్ప కుదరనిదేదో అది వేసవికి ఉంచుకుని, మిగతాది సెమిస్టరులోకి జరపొచ్చేమో చూడండి. మన తగువులు సగం అక్కడే తీరతాయి.

ఒకవేళ ల్యాబే అని తేలితే, ఒక్క అవకాశాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. బెథెస్డాలో ఎన్ఐహెచ్ అనే జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ ఇచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ ఎంత పేరున్నదో మీకు తెలుసు. 2025 వేసవికి దాన్ని రద్దు చేశారు. ఎన్ఎస్ఎఫ్ అనే జాతీయ సైన్సు సంస్థ డబ్బిచ్చి నడిపే ఆర్ఈయూ అనే వేసవి రిసెర్చ్ ప్రోగ్రాములకీ పెట్టండి, సొంత కాలేజీ ప్రొఫెసర్లకీ రాయండి. ఆ ఈమెయిల్ పిల్లలే రాయాలి. తల్లిదండ్రులూ, దయచేసి మీరు రాయకండి. మీ వాట్సాప్ గ్రూపులో ఉన్న డాక్టరుగారి చేత ఫోనూ చేయించకండి. ఆరేడు వాక్యాలు చాలు. మీ ఫలానా పేపరు చదివాను, అందులో ఈ సంగతి నాకు అర్థం కాలేదు, వారానికి ఇన్ని గంటలు రాగలను. ఆ పేపరు నిజంగా చదివి ఉండాలి సుమా. పది రోజుల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఇంకోసారి రాయొచ్చు. అప్పటికీ రాకపోతే ఇంకో ప్రొఫెసర్‌కి.